కాగితపు పరుపు

నీళ్ళ సీసా మూతికున్న స్టీలు గొట్టాన్ని వేలి కొనతో తట్టి, చుక్క రాలాక, బాబాయి దాన్ని బోను పైకమ్మీల మధ్య తలకిందులుగా దూర్చాడు. చుక్క రాలకపోతే గొట్టంలో గాలిబుడగ ఇరుక్కుందని అర్థం. అప్పుడు లోపలి ఎలుకలు దాహంతో అల్లాడిపోతాయి, చూసేవాళ్ళకి మాత్రం నిండు సీసా కనిపిస్తూనే ఉంటుంది. అందుకని ప్రతి సీసానీ తడతాడు. చుక్క రాలాక, "ఊఁ, తాగండి" అంటాడు. ఆ గదిలో పొద్దున ఆయన మాట్లాడే మొదటి మాట అదే. చాలా రోజులు ఇంటా బయటా కలిపి కూడా మొదటి మాట అదే.

కిటికీల్లేని పొడుగాటి గది. రెండు పక్కలా ఇనప చట్రాలు, వాటిలో వరసగా గాజులా కనిపించే ప్లాస్టిక్ బోన్లు, ఒక్కో బోనులో పరిచిన చెక్క పొట్టు మీద తెల్ల ఎలుకలు. గులాబీ రంగు చెవులు, దారప్పోగుల్లాంటి తోకలు, ఎర్రటి కళ్ళు. పైన గాలి యంత్రం ఎప్పుడూ ఒకే శ్రుతిలో గుయ్యిమంటూ ఉంటుంది. కొత్తవాళ్ళు తలుపు తీయగానే ముక్కు మూసుకుంటారు. బాబాయికి ఆ వాసన తెలియడం మానేసి చాలా ఏళ్ళయింది. తనకి తెలియకపోయినా అది తన ఒంటిని వదలదని మాత్రం తెలుసు. బస్సులో ఆయన పక్క సీటు ఖాళీగా ఉన్నా జనం నిలబడే ప్రయాణం చేస్తారు.

ఆ పరిశోధన సంస్థలో అందరికీ ఆయన బాబాయే. కొత్తగా చేరిన గుమాస్తా దగ్గర్నుంచి, ఆయన కంటే వయసులో పెద్దవాడైన పెద్దసారు దాకా అదే పిలుపు. గేటు దగ్గర వాచ్‌మన్ ఇంకో అడుగు ముందుకేసి "పిన్ని లేని బాబాయి" అని పేరు పెట్టాడు. ఈయన పెళ్ళే చేసుకోలేదనుకుని అన్న మాట అది. పెళ్ళయిందనీ, కూతురు నడక నేర్చుకునే వయసులో పిన్ని పోయిందనీ బాబాయి చెప్పలేదు. చెబితే వాచ్‌మన్ నొచ్చుకుంటాడు, వేళాకోళం మానేస్తాడు. అప్పుడు ఆ నాలుగు మాటలు కూడా ఉండవు.

సన్నటి మనిషి. భుజాలు కొంచెం ముందుకు వంగి ఉంటాయి. రోజూ మందు నీళ్ళలో నాని నాని చేతుల మీద చర్మం పలచబడి, వేళ్ళ కణుపుల దగ్గర పగిలి ఉంటుంది. ఒంటి మీద ఆకుపచ్చ గౌను, తలకి గుడ్డ టోపీ. మాస్కు మాత్రం గడ్డం కిందకి జారి వేలాడుతుంది. కట్టుకుంటే వెంటనే ఊపిరాడదు, కట్టుకోకపోతే కాసేపాగి ఆడదు. ఆ కాసేపే లాభమనుకుని ఆయన కట్టుకోవడం మానేశాడు.

మొదట్లో తుమ్ములే. తర్వాత కళ్ళ దురద. ఎలుక తోక మణికట్టుకి తగిలిన చోటల్లా ఎర్రటి దద్దుర్లు లేచేవి, దోమలు కుట్టాయని సర్దిచెప్పుకున్నాడు. ఆ తర్వాత ఛాతీ పట్టేయడం మొదలైంది. రాత్రి మంచం మీద వాలితే వెదురు గొట్టంలో ఎవరో గాలి ఊదుతున్నట్టు లోపలినుంచి సన్నటి ఈల. అదేమిటో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆయన కంటే ముందు ఈ గది చూసిన పెద్దాయనకి ఇలాగే వచ్చింది. ఎలుకల బొచ్చూ, వాటి ఉచ్చ ఎండి లేచే దుమ్మూ పడని ఒళ్ళని డాక్టరు తేల్చాడు. మర్నాడే ఆ పెద్దాయన్ని ఇక్కణ్ణుంచి తప్పించారు. ఇక్కడి నియమం అది, మంచి నియమమే. కానీ ముందు భవనంలో ఫైళ్ళు మోస్తూ, కుర్చీలు తుడుస్తూ, ఎవరి దారికీ అడ్డం రాకుండా గోడల పక్కన తిరిగి తిరిగి, ఆ పెద్దాయన ఒకరోజు రావడం మానేశాడు. ఎందుకు రాలేదని ఎవరూ వెళ్ళి అడగలేదు. అదంతా కళ్ళారా చూశాక బాబాయి తన ఈలని గొంతులోనే మింగేయడం నేర్చుకున్నాడు. మెట్ల మధ్యలో ఆగి చెప్పు సరిచేసుకుంటాడు. నలుగురిలో దగ్గొస్తే ఏదో చెప్పబోయి మరిచిపోయినట్టు గొంతు సవరించుకుంటాడు.

నీళ్ళ పని అయ్యాక చివరి వరస దగ్గరికి వెళ్ళాడు. ఆ వరసలో బోన్లకి పసుపు చీటీలు అంటించి ఉంటాయి. మూత తీసి చూశాడు. ఎలుకలు కాగితపు పీలికల్ని గిన్నెలా అల్లుకుని, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. తోక మొదట్లో పట్టుకుని ఒక్కోదాన్నీ ఖాళీ బోనులోకి మార్చాడు. కాగితమంతా ఎత్తి సంచిలో కుక్కి, కొత్త చెక్క పొట్టు పరిచాడు. పొట్టు పోసేటప్పుడు తల పక్కకి తిప్పి ఊపిరి బిగబట్టాడు. అయినా ఛాతీ మూసుకుంది. చట్రం పట్టుకుని వంగి, అది తెరుచుకునేదాకా నిలబడ్డాడు. ఆ తర్వాత ఎలుకల్ని వాటి చోట పెట్టాడు. అవి పక్క మారిందని గ్రహించి, మూలకి చేరి మళ్ళీ ముడుచుకున్నాయి.

"ఇవాళొక్క రోజే కదా," అన్నాడు వాటితో.

ఈ కాగితం సంగతి చెప్పాలంటే ముందు మేడం పని గురించి చెప్పాలి. మేడం అంటే ఈ ఎలుకల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి. బాబాయి కూతురి కంటే చిన్నదే. కళ్ళద్దాలు పైకి తోసుకుంటూ, తనలో తను మాట్లాడుకుంటూ తిరుగుతుంది. వచ్చిన మొదటి వారంలోనే తను చేస్తున్నదేమిటో బాబాయిని కూర్చోబెట్టి చెప్పింది. ఈ గదిలోకి ఇంకెవరూ ఎక్కువసేపు ఉండేలా రారు కాబట్టి ఆమెకీ చెప్పుకోడానికి మనిషి కావాలి.

కొందరికి పూల పుప్పొడి పడదు, కొందరికి ఇంటి దుమ్ము పడదు. ఒళ్ళు దాన్ని శత్రువనుకుని యుద్ధానికి దిగుతుంది. ఊపిరి గొట్టాలు వాచిపోతాయి, లోపల జిగురు చేరుతుంది, ఆయాసం వస్తుంది. ఎలుకలకి అలాంటి ఆయాసం రావాలంటే కోడిగుడ్డు తెల్లసొన పడని ఒళ్ళుగా ముందు వాటిని తయారు చెయ్యాలి. కొన్నాళ్ళు సూదితో కొద్దికొద్దిగా ఎక్కించి, ఆ తర్వాత గాజు పెట్టెలో కూర్చోబెట్టి తెల్లసొన నీళ్ళని మంచులా పీల్పించాలి. అప్పుడు మనుషుల్లాగే రొప్పుతాయి. రోడ్ల పక్క కంచెల్లో పెరిగే ఒక చేదాకు ఉంది. ఆ ఆకుని మరిగించి, వడగట్టి, ఎన్నో మెట్లు దాటించి తీసిన పసుపు పొడి ఆ వాపుని తగ్గిస్తుందేమో చూడటం మేడం పని. తగ్గిస్తే పదేళ్ళకో పదిహేనేళ్ళకో మందవుతుంది. తగ్గించకపోతే ఆకు ఆకే.

చీటీలు అందుకే. ఒక రంగు వాటికి ఆకు పొడి, ఒక రంగు వాటికి ఇప్పుడు ఆస్పత్రుల్లో ఇచ్చే మందు, ఒక రంగు వాటికి వట్టి నీళ్ళు. ఇంకో రంగువి అసలు తెల్లసొనే పీల్చనివి, ఆరోగ్యమైనవి. ఏ రంగు ఏదో బాబాయికి మేడం చెప్పలేదు. "నీకు తెలియకపోవడమే మంచిది బాబాయ్. తెలిస్తే తెలియకుండానే చెయ్యి ఒక పక్కకి మొగ్గుతుంది," అంది. అదీ నిజమే అనుకుని ఆయన అడగలేదు.

కథ విన్నప్పట్నుంచి వాచ్‌మన్‌కి పండగే. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, మీ మేడం ఎలుకను తవ్వి ఆకును పడుతోందా అంటాడు. మధ్యాహ్నం డబ్బాలో గుడ్డు తెచ్చుకున్నప్పుడల్లా బాబాయికి చూపించి, నీ పిల్లలకి పడదుగా, చెప్పకులే అని కన్ను కొడతాడు.

మంచు పెట్టడం మొదలుపెట్టిన వారంలో ఒక సాయంత్రం బాబాయి ఇంటికి బయల్దేరబోతూ పసుపు బోన్ల దగ్గర ఆగిపోయాడు. ఎలుకలు వీపులు గూనిగా వంచి, బొచ్చు నిక్కబొడుచుకుని మూలల్లో కూర్చున్నాయి. పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. మిగతా రంగులవాటిలో కొన్ని నలతగా ఉన్నా, ఇంత అవస్థ లేదు. ఒకటి కదిలితే పొట్టు కదిలి సన్నటి దుమ్ము లేస్తోంది. ఆ దుమ్ము సంగతి ఆయన ఛాతీకి తెలుసు. పొట్టు బస్తా విప్పిన ప్రతిసారీ అది ఆయన గొంతు నులిమి వదులుతుంది.

పక్కనే సామాన్ల గదిలో మెత్తటి కాగితపు పీలికల సంచి ఉంటుంది. కడుపుతో ఉన్న ఆడ ఎలుకలు గూడు కట్టుకోడానికి వేస్తారు. దుమ్ముండదు. పొట్టు కంటే ఖరీదని స్టోరు చూసే ఆయన దాన్ని తన పెళ్ళి బట్టల్లా దాచుకుంటాడు, గుప్పెడు తీసినా ఆరా తీస్తాడు. బాబాయి ఆ సాయంత్రం రెండు చేతులా తీశాడు. పసుపు బోన్లలో పొట్టు ఎత్తేసి కాగితం వేశాడు. పొద్దున వచ్చేసరికి ఎలుకలు గూళ్ళల్లుకుని పడుకున్నాయి. స్టోరాయన కంట పడకుండా కాగితం తీసేసి మళ్ళీ పొట్టు వేశాడు. ఆ రోజునుంచి అదో అలవాటైపోయింది, సాయంత్రం కాగితం, పొద్దున పొట్టు. తప్పు చేస్తున్నాననిపిస్తే అది స్టోరాయన విషయంలోనే అనిపించింది. మందు మేడం చేతిది, పక్క తన చేతిది. ఆ రెండింటికీ సంబంధం ఉంటుందని ఆయనకి తట్టలేదు. మనం మాత్రం ఒంట్లో బాగాలేని మనిషికి మందిస్తూ పక్క దుప్పటి మార్చమా?

తలుపు చప్పుడైంది. మేడం వచ్చింది. కళ్ళ కింద నలుపు, చేతిలో పెట్టె. పసుపువి మాత్రమే మిగిలాయని, ఇవాళ్టితో అయిపోతుందని అంది. మిగతా రంగులవి అంతకు ముందు రోజుల్లోనే అయిపోయాయి. ఆ బోన్లు కడిగి బోర్లించి ఉన్నాయి.

ఊపిరితిత్తులు తీసి చూడాలంటే ముందు ప్రాణం తీయాలి. ఆ పనప్పుడు మేడం చేతుల్లో ఎలుకలు గింజుకుంటాయి. బాబాయి చేతుల్లో గింజుకోవు. అందుకని ఒక్కోదాన్నీ తీసిచ్చే పని ఆయనదే. దోసిట్లో పెట్టుకుని, గుండెకి ఆనించి, రెండడుగులు నడిచి, గాజు డబ్బాలో దించుతాడు. మేడం గ్యాసు వదులుతుంది. కాసేపు అవి చుట్టూ వాసన చూస్తూ తిరుగుతాయి, తర్వాత పక్కకి ఒరిగి పడుకుంటాయి. చప్పుడేమీ ఉండదు. ఇన్నేళ్ళలో ఎన్నిటిని దించాడో ఆయన ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. ప్రతిసారీ దించాక చేతులు గౌనుకి తుడుచుకుంటాడు, అంతే. ఇవాళ ఆఖరిది దించినప్పుడు అది ఆయన వేలిని ముందు కాళ్ళతో పట్టుకుని వదల్లేదు. మేడం చూపు పక్కకి తిప్పుకుంది. బాబాయి దాని కాళ్ళని ఒక్కొక్కటిగా విడిపించాడు.

పదకొండు దాటాక టీ కోసం గేటు దగ్గరికి వెళ్ళాడు. వాచ్‌మన్ ఏదో చెబుతున్నాడు, బాబాయి గ్లాసు పట్టుకుని నవ్వాల్సిన చోట నవ్వుతున్నాడు. అప్పుడు ఫోను మోగింది. కూతురు. ఇదే ఊళ్ళో, రెండు బస్సులు మారితే వచ్చే చోట ఉంటుంది.

"నాన్నా, ఈ ఆదివారం వద్దులే. రాత్రంతా దానికి ఆయాసం. ఇప్పుడే కాస్త కళ్ళు మూసింది."

దానికి అంటే, మనవరాలికి. చిట్టి అంటారు. బాబాయి ఇంకేం అడగాలో తెలియక మందు పీల్పించారా అని అడిగాడు. పీల్పించామంది. కూతురి మాటల వెనక పిల్ల ఊపిరి వినిపిస్తోంది. కళ్ళు మూసినా ఈల మూయలేదు.

ఆయన వెళ్ళే ఆదివారాల్లో కూతురు గుమ్మంలోనే ఉతికిన చొక్కా పట్టుకుని నిలబడేది. తను వేసుకొచ్చింది విప్పి సంచిలో పెట్టి, సంచి బయటే వదిలి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని లోపలికి వెళ్ళాలి. ఎలుకల బొచ్చు బట్టలకి అంటుకుని వస్తుందని, చిట్టికి పడదని డాక్టరు చెప్పాడు. కూతురి తప్పేమీ లేదు. మొదట్లో అల్లుడు సిగ్గుపడేవాడు, తర్వాత అలవాటు పడ్డాడు. చిట్టి మాత్రం తాతయ్య మా ఇంటికొస్తే చొక్కా మార్చుకుంటాడు, అది ఆట అని ఇరుగుపొరుగుకి చెప్పేది. అయినా ఆయన వచ్చి వెళ్ళిన రాత్రులు పిల్ల దగ్గుతూనే ఉండేది. ఈమధ్య 'వద్దులే' అనే ఆదివారాలు ఎక్కువయ్యాయి.

"సరేనమ్మా," అని ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఏమైందని వాచ్‌మన్ అడిగాడు. ఏం లేదన్నాడు. టీ చల్లారిపోయింది, అలాగే తాగేశాడు.

మధ్యాహ్నం పసుపు బోన్లు కడుగుతున్నాడు. వేడి నీళ్ళ ఆవిరి ఛాతీకి కాస్త హాయిగా ఉంటుంది, అందుకని ఆ పని నింపాదిగా చేస్తాడు. ఒక్కో బోను మూలలూ వేలితో రుద్ది, వెలుతురుకి ఎత్తి చూసి, బోర్లిస్తున్నాడు. మేడం వచ్చి తడి గట్టు మీదే కూర్చుంది. గౌను తడిసినా పట్టించుకోలేదు.

"ఈ ఆకు పనిచెయ్యదు బాబాయ్," అంది.

ఆయన కుళాయి కట్టేశాడు. ఊపిరితిత్తులు కడిగిన నీళ్ళలో వాపు తెచ్చే కణాలు ఎన్నున్నాయో పొద్దున్నుంచీ చూశానని చెప్పింది. ఆకు పొడి తాగినవీ, వట్టి నీళ్ళు తాగినవీ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఆకు తాగినవి బాగానే ఉన్నాయని నిన్నంతా సంబరపడ్డాను, తీరా చూస్తే వట్టి నీళ్ళవి కూడా అంతే బాగున్నాయి, ఇంక ఆకు గొప్పేముంది అంది. పెద్దసారుకి చూపించాను, ఈ ఆకుని ఇక్కడితో మూసేసి ఇంకో మొక్క చూద్దామన్నారు అంది. ఏడుపు గొంతేమీ కాదు. అలిసిపోయిన గొంతు. ఈ ఆకు వెంట ఆమె నాలుగేళ్ళుగా తిరుగుతోంది. కంచెల వెంట కోసుకొచ్చేటప్పుడు ముళ్ళు గీసిన గీతలు ఆమె ముంజేతుల మీద ఇంకా ఉన్నాయి.

బాబాయి చేతిలో బోను నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"వట్టి నీళ్ళవి ఏ రంగువమ్మా?"

"పసుపువి. ఇంక దాచడానికేముంది."

ఆమె లేచి, గౌను వెనక దులుపుకుని, మెట్లెక్కి పైన తన గదికి వెళ్ళిపోయింది.

బాబాయి ఆ బోనునే మళ్ళీ కడిగాడు. కడిగిందే అని తెలిసి కూడా ఇంకోసారి కడిగాడు. ఏం జరిగిందో అర్థమయ్యాక, మేడం కూర్చున్న చోటే కూర్చున్నాడు. ఆ నీళ్ళ ఎలుకలు రొప్పాలి. రొప్పుతూ రొప్పుతూ పోవాలి. అప్పుడే ఆకు తాగినవాటి సుఖం తెలిసేది. తను వాటి కింద కాగితం పరిచి, రాత్రంతా ఊపిరి తీసుకోనిచ్చాడు.

ఎవరికీ తెలియదు. పిల్లికి ఎలుక సాక్ష్యం అంటారు, ఇక్కడ సాక్ష్యానికి ఎలుకలు కూడా మిగల్లేదు. కాగితం ఎప్పటికప్పుడు చెత్తలో పోయింది. నోరు మూసుకుంటే రేపు కొత్త ఎలుకలొస్తాయి, సీసాలు నింపుతాడు, మేడం ఇంకో మొక్క పట్టుకుంటుంది. తనకీ గది ఉంటుంది, పొద్దున్నే మాట్లాడటానికి ఏదో ఒకటి ఉంటుంది. నోరు విప్పితే ఎందుకు చేశావంటారు. ఎందుకో చెబితే నీకెలా తెలుసంటారు. అక్కడితో ఈ గది తలుపు మూసుకుంటుంది. ముందు భవనంలో గోడల పక్కన నడిచిన పెద్దాయన గుర్తొచ్చాడు. ఇంకో సంగతి కూడా ఉంది. చెబితే మేడం ఇదంతా మళ్ళీ చెయ్యాలి. సూదులు, మంచు పెట్టె, గాజు డబ్బా. ఇన్ని ప్రాణాలూ వృథా, మళ్ళీ ఇంకొన్ని ప్రాణాలు. ఏ జాలితో కాగితం పరిచాడో ఆ జాలి తిరిగొచ్చి ఆయన పీకే పట్టుకుంది.

గాలి యంత్రం హోరులో చెవిలో ఇంకేదో సన్నగా వినిపించింది. తన ఛాతీయో, పొద్దున ఫోనులో విన్నదో తేల్చుకోలేకపోయాడు. రెండూ ఒకేలా ఉంటాయి.

లేచి మెట్లెక్కాడు. మధ్యలో ఆగాల్సి వచ్చింది. ఈసారి చెప్పు సరిచేసుకోలేదు. గోడకి చెయ్యి ఆనించి, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ చూస్తుండగానే రొప్పు తీర్చుకుని, మిగతా మెట్లెక్కాడు.

మేడం సూక్ష్మదర్శిని మీద గుడ్డ కప్పుతోంది. బాబాయి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పసుపు బోన్లలో నేను పక్క మార్చానమ్మా."

"పక్కంటే?"

"పొట్టు తీసేసి కాగితం పీలికలేశాను. సాయంత్రం వేసి పొద్దున్నే తీసేసేవాణ్ణి. మీరు మంచు పెట్టినప్పట్నుంచీ."

ఆమెకి వెంటనే అందలేదు. అందాక గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. ఒక్క పసుపువాటికేనా అని అడిగింది. ఒక్క పసుపువాటికే. ఎందుకు అని అడిగింది.

"అవి ఆయాసపడుతుంటే చూళ్ళేకపోయాను. ఆ పొట్టు దుమ్ము ఛాతీకి ఎలా పడుతుందో..." దగ్గొచ్చింది. గొంతు సవరించుకున్నట్టు నటించలేదు. వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని దగ్గాడు. దగ్గు ఆగాక గదిలో ఆ ఈల ఒక్కటే మిగిలింది. మేడం రోజూ ఎలుకల పెట్టెకి చెవి ఆనించి వినే చప్పుడే అది. ఆమె కుర్చీ జరిపి ఆయన్ని కూర్చోబెట్టింది.

"ఎన్నాళ్ళుగా?"

ఆయన గౌను కొసతో మూతి తుడుచుకున్నాడు. ఆమె రెట్టించలేదు. కిటికీ తలుపులు రెండూ తెరిచి, అటు తిరిగి నిలబడింది. వీపు ఇటువైపు పెట్టి, మెల్లగా మాట్లాడింది. కాగితం వల్ల తగ్గిందో, ఆకు నిజంగానే పనిచెయ్యదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరంది. ఇన్ని నెలల పనీ ఎటూ కాకుండా పోయిందంది. తిట్టు ఒక్కటీ లేదు. తిడితే బాగుండుననిపించింది ఆయనకి.

"మళ్ళీ అన్నిట్నీ చంపాలి బాబాయ్," అంది చివరికి.

"తెలుసమ్మా."

"తెలిసే వచ్చావా?"

తలూపాడు. ఆమె అటు తిరిగి ఉంది కాబట్టి చూడలేదు. మళ్ళీ ఆయనే అన్నాడు, "ఆకు తప్పేం లేదమ్మా ఇందులో."

"అదీ ఇంకా తెలీదు," అందామె. ఆ మాటకి ఇద్దరిలో ఎవరికో నవ్వొచ్చినట్టయింది గాని ఎవరూ నవ్వలేదు.

కబురు పంపితే పెద్దసారు వచ్చాడు. మేడం చెప్పింది విన్నాడు. ఆకు సంగతి తర్వాత, మూసేసే మాట ఇప్పటికి ఆపుదాం, కొత్త ఎలుకల కోసం అర్జీ పెట్టు అన్నాడు. తర్వాత బాబాయి వైపు కుర్చీ లాక్కుని, ఊపిరి బలం చూపించే ముల్లున్న గొట్టం ఒకటి ఇచ్చి గట్టిగా ఊదమన్నాడు. బాబాయి ఊదాడు. ముల్లు కొంచెం కదిలి పడిపోయింది. మళ్ళీ ఊదమన్నాడు. పెద్దసారు ముల్లు వంక చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, ఇన్నాళ్ళూ మా ముందే తిరుగుతుంటే మాకు వినపడలేదేమయ్యా అన్నాడు. అది తనని అడిగినట్టు లేదు. రేపు ఆస్పత్రిలో చూపించుకోవాలి, ఆ గదిలోకి ఇంక అడుగు పెట్టడానికి లేదు, కాస్త కోలుకున్నాక ముందు భవనంలో ఏదో ఒక పని చూద్దాం అన్నాడు. మంచి మనిషి. అన్నీ మంచి మాటలే.

కింద గదిలో మిగతా చట్రాల మీద ఇంకో రకం ఎలుకలు కొన్ని ఉన్నాయి, సాయంత్రం మేత వెయ్యాలి అని బాబాయి గుర్తు చేశాడు. నేను వేస్తాలే అంది మేడం. లోపలికి తనొక్కతే వెళ్ళింది. తలుపుకి గుండ్రటి చిన్న అద్దం ఉంటుంది. బాబాయి కొంచెంసేపు అందులోంచి చూశాడు. ఆమె మేత గిన్నెల్ని గబగబా నింపుతోంది. ఎలుకలు కొత్త చెయ్యికి బెదిరి మూలలకి పరిగెడుతున్నాయి. ఆమె కూడా ఏదో అంటోంది వాటితో. పెదవులు కదులుతున్నాయి గాని ఇవతలికి వినపడటం లేదు.

బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చి గౌను విప్పాడు. మడత పెట్టబోయి, ఉతకడానికి వెళ్ళేదేగా అని బుట్టలో వేశాడు. టోపీ కూడా వేశాడు. తాళంచెవి మేకుకి తగిలించాడు. మొహం, మెడ, చెవుల వెనక సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కున్నాడు, కూతురి గుమ్మంలో కడుక్కున్నట్టు. అద్దం ముందు నిలబడి తల దువ్వుకున్నాడు. జుట్టు పలచబడింది, పాపిడి ఎక్కడ తీసినా తేడా ఉండదు. అయినా రెండుసార్లు తీశాడు. దీపం ఆర్పి బయటికి నడిచాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఏదో లారీకి దారిస్తూ అటు తిరిగి చేతులూపుతున్నాడు. పిలిస్తే వినపడదు. బాబాయి కాసేపు ఆగి చూసి, పక్క చిన్న తలుపులోంచి వెళ్ళిపోయాడు.

చీకటి పడ్డాక మేడం చేతులు కడుక్కోడానికి ఆ గదిలోకి వచ్చి దీపం వేసింది. అద్దం కింద గట్టు మీద, తడి ఇంకా ఆరని చోట, పళ్ళు రెండు ఊడిన నల్ల దువ్వెన ఒకటి ఉంది. దాని పళ్ళ మధ్య ఒక తెల్ల వెంట్రుక చిక్కుకుని ఉంది. అది మనిషిదో, ఎలుకదో.